మేజర్ మా ఆవిడ, సెల్యూట్లు మాత్రం నాకు

కొంపల్లి కోడర్ · ఆదివారం ఉదయం 9:10

సగం నవ్వొస్తోంది, సగం చిరాకేస్తోంది, అందుకే ఇక్కడ పెడుతున్నా. మా ఆవిడ ఆర్మీ సిగ్నల్స్‌లో షార్ట్ సర్వీస్ కమిషన్ (కొన్నేళ్ళకే ఇచ్చే ఆఫీసర్ ఉద్యోగం) మీద పదేళ్ళు చేసి మేజర్‌గా బయటికొచ్చింది. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి. నుమాయిష్‌లో బెలూన్లు కొట్టడానికి తప్ప తుపాకీ ముట్టుకున్న పాపాన పోలేదు.

ఈ మధ్యే కొత్త ఫ్లాట్‌లోకి మారాం. గుమ్మం పక్కన నేమ్‌ప్లేట్. పైన ఆవిడ పేరు, ముందు మేజర్, చివర రిటైర్డ్. కింద నా పేరు, ఏ తోకా లేకుండా. ఇంత స్పష్టంగా రాసి ఉన్నా వాచ్‌మన్ దగ్గర్నుంచి అసోసియేషన్ సెక్రటరీ దాకా అందరికీ మేజర్ సాబ్‌ని నేనే. గ్యాస్ బండ తెచ్చిన కుర్రాడు బోర్డు చదివి, నాకు సెల్యూట్ కొట్టి మరీ బిల్లు చేతిలో పెట్టాడు. "నేను కాదు తమ్ముడూ, మేడమ్" అంటే "భలే జోకులేస్తారు సార్" అని నవ్వుకుంటూ పోయాడు. పక్క ఫ్లాట్ ఆంటీ అయితే మా ఆవిణ్ణే "మీ వారు బార్డర్‌లో ఉన్నప్పుడు ఒక్కదానివే ఎలా ఉండేదానివమ్మా" అని అడిగింది. బార్డర్ దగ్గర ఉన్నది ఈవిడ. ఇక్కడ ఒక్కణ్ణే వండుకు తిన్నది నేను.

మా మేనమామది ఇంకో తమాషా. పండగొస్తే చాలు, ఫోన్ చేసి "అల్లుడూ, నీ మిలిటరీ క్యాంటీన్ కోటాలో ఒక రమ్ము పక్కన పెట్టు" అంటాడు. నా కోటా ఎక్కడిది, కార్డు ఆవిడది మామయ్యా అంటే "అదేలే, మీరిద్దరూ ఒకటే గదా" అని తీర్పు చెప్పేస్తాడు.

ఆవిడ ఇవేవీ పట్టించుకోదు. "ఎంతమందికని చెప్తాం, వదిలెయ్" అంటుంది. నాకే ఊరుకోబుద్ధి కావడం లేదు. మీలోగానీ మీ ఇళ్ళల్లోగానీ యూనిఫాం వేసిన ఆడవాళ్ళుంటే చెప్పండి, అందరికీ ఇంతేనా?

మల్కాజిగిరి మామ · 9:31

ఫ్రీగా వచ్చిన సెల్యూట్ వద్దనకూడదు సార్. మాకు సొంత ఇంట్లోనే దక్కట్లేదు. రమ్ము విషయంలో మాత్రం మీ మేనమామ గారికి నా సంపూర్ణ మద్దతు.

టవర్ క్లియర్ · 10:05

కోడర్ గారూ, అందరికీ ఇంతే. నేను ఎయిర్ ఫోర్స్‌లో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ చేశాను. ట్రైనింగ్ మన దుండిగల్ అకాడమీలోనే. స్క్వాడ్రన్ లీడర్‌గా దిగాను. పెళ్ళిళ్ళలో మా అమ్మ "మా అమ్మాయి ఎయిర్ ఫోర్స్" అని గొప్పగా చెప్తే, "ఏ ఎయిర్‌లైన్స్ అమ్మా?" అని అడిగేవాళ్ళు ఎక్కువ. ఇప్పుడు అమ్మ కూడా విసిగిపోయి "సెంట్రల్ గవర్నమెంట్‌లో చేసింది" అని తేల్చేస్తోంది.

దిగిన కొత్తలో గచ్చిబౌలిలో ఒక కంపెనీకి ఇంటర్వ్యూకి వెళ్ళాను. ఆపరేషన్స్ మేనేజర్ పోస్టు. రెజ్యూమె అటూ ఇటూ తిప్పి ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "ఇక్కడ ప్రెషర్ ఎక్కువ మేడమ్, తట్టుకోగలరా?" రాత్రి రెండింటికి, కుండపోతలో, ఇంధనం అడుగంటిన విమానం ఒకటి, దాని వెనక ఇంకొకటి, హెడ్‌సెట్‌లో ఇద్దరు పైలట్ల గొంతులు. నా మాటలో వణుకు వినిపిస్తే అవతల వాళ్ళు బెదిరిపోతారు. ఆ పని ఏళ్ళ తరబడి చేసొచ్చిన మనిషిని క్వార్టర్ ఎండ్ టార్గెట్ల గురించి అడుగుతున్నాడు! రెండో ప్రశ్న ఇంకా బావుంది. "నైట్ షిఫ్టుకు ఇంట్లో ఒప్పుకుంటారా?"

నాతోపాటు దిగిన మగ బ్యాచ్‌మేట్‌కు ఇలాంటి కంపెనీలే ఎదురొచ్చి సెక్యూరిటీ హెడ్, అడ్మిన్ హెడ్ అని ఆఫర్లిచ్చాయి. అతనికి ఆ పని ఇష్టమా కాదా అన్నది వేరే కథ. కానీ "ఫౌజీ కదా, చేసేస్తాడు" అన్న నమ్మకం అతనికి పుట్టుకతో వచ్చినట్టు వచ్చేసింది. నాకు హెచ్‌ఆర్‌లో ట్రైనీల బాధ్యత ఇస్తామన్నారు, ఆడవాళ్ళకు ఓపికెక్కువట.

ఒక్క మాట. 2016 జూన్ 18న దేశంలో మొదటి ముగ్గురు మహిళా ఫైటర్ పైలట్లు, అవనీ చతుర్వేది, భావనా కంఠ్, మోహనా సింగ్, కమిషన్ తీసుకున్నది ఈ దుండిగల్‌లోనే. మన ఊళ్ళో దుండిగల్ అంటే ఇంజనీరింగ్ కాలేజీలే గుర్తొస్తాయి.

లెఫ్టార్మ్ స్పిన్ · 10:40

ఎవరూ తప్పుగా అనుకోవద్దు. ఫౌజులో ఆడవాళ్ళు ఉన్నదే తక్కువ. నూటికి తొంభై తొమ్మిది సార్లు మిలిటరీ మనిషి మగవాడే అయినప్పుడు గ్యాస్ బాయ్ అలా అనుకోవడం అవమానం ఎలా అవుతుంది? అలవాటు. దాన్ని పట్టుకుని ఇంత చర్చ అక్కర్లేదనిపిస్తోంది.

ఇంకోటి. ఎల్‌ఓసీ మీద గస్తీ తిరిగిన జవానుకూ, యూనిట్‌లో ఆఫీసు పని చేసిన ఆఫీసర్‌కూ ఒకే గౌరవం అంటే నాకు కొంచెం కష్టంగానే ఉంది. ఆడ మగ అని కాదు. జనరల్‌గా అంటున్నా.

యాప్రాల్ పాతకాపు · 11:25

నేను ఈఎంఈలో, అంటే సైన్యం బండ్లు, ట్యాంకులు బాగుచేసే విభాగంలో, సిపాయిగా చేరి సుబేదార్ మేజర్‌గా పింఛనుకొచ్చినవాణ్ణి. స్పిన్ బాబూ, నీ ప్రశ్నకు నేనే జవాబిస్తా.

నా సర్వీసంతా ఇంజన్ల కిందే గడిచింది. ట్యాంకు ఇంజన్ దించడం, బాగుచేయడం, ఎక్కించడం. ఏటా ఫైరింగ్ రేంజ్‌లో తప్ప నేను తూటా పేల్చింది లేదు. సైన్యంలో నాలాంటివాళ్ళు లక్షల్లో ఉంటారు. వంటవాళ్ళు, డ్రైవర్లు, గుమస్తాలు, స్టోర్‌మన్లు. అయినా మా ఊరికెళితే "మిలిటరీ ఆయనొచ్చాడు" అని అరుగు మీద జాగా ఇస్తారు. "నువ్వు యుద్ధం చేశావా, ఎంతమందిని చంపావు, ఆఫీసు పనేనా" అని ఇన్నేళ్ళలో నన్నొక్కడు అడగలేదు. ఆ లెక్కలు ఆడపిల్ల దగ్గరే ఎందుకు తీస్తున్నారు?

ఇక మేడమ్ సాబ్‌ల సంగతి. డాక్టర్లు, నర్సులు కాక మిగతా విభాగాల్లో 1992లో వాళ్ళను ఆఫీసర్లుగా తీసుకోవడం మొదలైంది, అప్పట్లో ఐదేళ్ళకే. మా ట్రేడ్‌లోకి ఇంకొంచెం ఆలస్యంగా వచ్చారు. మా వర్క్‌షాప్‌కు మొదటి మేడమ్ వచ్చినప్పుడు మేమూ గుసగుసలాడుకున్నాం, లేదనను. ఆ వారంలోనే ఒక రికవరీ వాహనం గేర్‌బాక్సు మొరాయించింది. ఆవిడ మాన్యువల్ తెచ్చుకుని, చేతులకు గ్రీజు పూసుకుని, మా నాయక్ పక్కన కూర్చుని "ఇది ఎందుకు ఇలా బిగించారు" అని ఒక్కొక్కటే అడిగింది. తెలియనిది తెలియదని ఒప్పుకుని నేర్చుకునే ఆఫీసర్ అంటే జవానుకు ప్రాణం. తరువాత గుసగుసలు లేవు.

2020లో ఆడ ఆఫీసర్లకు పర్మనెంట్ కమిషన్, అంటే రిటైరయ్యే వయసు దాకా ఉద్యోగం, ఇవ్వాలన్న సుప్రీంకోర్టు కేసు నడిచినప్పుడు పేపర్లో చదివి నాకు ఒళ్ళు మండింది. జవాన్లంతా పల్లెటూళ్ళ నుంచి వచ్చినవాళ్ళు, ఆడవాళ్ళు కమాండ్ చేస్తే ఒప్పుకునే మానసిక స్థితిలో లేరు అని సర్కారు తరఫున రాసిచ్చారు. నేనే ఆ పల్లెటూరి జవాన్ని. మమ్మల్నెవరు అడిగారు? కోర్టు ఆ వాదన కొట్టేసి ఫిబ్రవరి 17న పర్మనెంట్ కమిషన్ ఇవ్వాల్సిందేనంది. మా పేరు పెట్టుకుని మా మీద తోసేసిన ఆ మాట మాత్రం నాకింకా మింగుడు పడలేదు.

మల్కాజిగిరి మామ · 11:40

సుబేదార్ మేజర్ సాబ్, ఇది ఉత్తుత్తి సెల్యూట్ కాదు. నిజమైనదే, తీసుకోండి.

తిరుమలగిరి సిస్టర్ · మధ్యాహ్నం 1:15

ఆఫీసర్ పిల్లలు చెప్తున్నారు కాబట్టి మా సంగతి కూడా చెప్తాను. నేను మిలిటరీ నర్సింగ్ సర్వీస్‌లో లెఫ్టినెంట్ కల్నల్‌గా రిటైరయ్యాను. మమ్మల్ని బయటివాళ్ళు ఎలాగూ గుర్తుపట్టరు. తమాషా ఏమిటంటే, ఫౌజువాళ్ళే సగంమంది "సిస్టర్స్ వేరులే" అంటారు. భుజాల మీద నక్షత్రాలు, రాష్ట్రపతి కమిషన్, ఎక్కడికి వేస్తే అక్కడికి వెళ్ళే పోస్టింగులు. అన్నీ ఉండి కూడా మేం ఆసుపత్రి ఖాతాలోకే వెళ్తాం.

1999 వేసవిలో నేను శ్రీనగర్ బేస్ హాస్పిటల్లో ఉన్నాను. ద్రాస్, బటాలిక్ వైపు నుంచి పిల్లల్ని హెలికాప్టర్లలో తెచ్చేవాళ్ళు. పిల్లలనే అంటాను, ఇరవై, ఇరవై రెండేళ్ళవాళ్ళు. నాకు ఇప్పటికీ గుర్తున్నది రక్తం కాదు, బూట్లు. చలికి కాలు వాచి బూటు ఊడి వచ్చేది కాదు. లేసులు తెంపి, పెద్ద కత్తెరతో పక్క నుంచి కోసుకుంటూ తీయాలి. తొందరపడితే చర్మం కూడా వచ్చేస్తుంది. ఒక అబ్బాయి, మన శ్రీకాకుళం వైపు వాడు, తెలుగు వినపడగానే నా చెయ్యి పట్టుకుని "అక్కా, కొత్త బూట్లక్కా, కొయ్యకు" అన్నాడు. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. కోసేశాను. వాడు బతికాడు.

ఇప్పుడు సిటీలో ఒక ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) పాలీక్లినిక్‌లో జరిగింది వినండి. కార్డు చేతిలో పెట్టుకుని కౌంటర్ ముందు నిలబడ్డాను. తల ఎత్తకుండానే "సార్ కార్డు తెచ్చారా అమ్మా?" అన్నాడు అబ్బాయి. సార్ లేరు బాబూ అన్నాను. టక్కున లేచి నిలబడి "అయ్యో, ఎప్పుడు పోయారండీ?" అన్నాడు, పాపం నిజంగానే బాధపడుతూ. నేను అసలు పెళ్ళే చేసుకోలేదు నాయనా అంటే మొహం చూడాలి!

పెళ్ళి మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. మా సర్వీసులో పెళ్ళి చేసుకుంటే ఉద్యోగం తీసేయొచ్చని 1977 నాటి ఉత్తర్వు ఒకటి ఉండేది. 1995 దాకా అది నడిచింది. లెఫ్టినెంట్ సెలీనా జాన్ కేసు మీలో కొందరు చదివే ఉంటారు. ఆవిడ పనిచేసింది మన సికింద్రాబాద్ మిలిటరీ హాస్పిటల్లోనే. ఒక ఆర్మీ మేజర్‌ను పెళ్ళాడిందని 1988లో ఆవిణ్ణి తీసేశారు. ఆయన ఉద్యోగం ఆయనకుంది. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 60 లక్షలు ఇమ్మని తీర్పిచ్చింది. ముప్ఫై అయిదేళ్ళకు పైగా పట్టింది.

క్యాష్ కౌంటర్ · 2:02

సిస్టర్ గారూ, నమస్తే. నేను బ్యాంకులో చేస్తాను, డిఫెన్స్ పింఛన్లు ఎక్కువుండే బ్రాంచి. కౌంటర్ ఇవతల నుంచి ఎలా కనిపిస్తుందో చెప్తాను, సమర్థించుకోవడానికి కాదు.

నవంబర్ వస్తే లైఫ్ సర్టిఫికెట్ల జాతర. ఆ లైన్‌లో వచ్చే ఆడవాళ్ళలో దాదాపు అందరూ ఫ్యామిలీ పెన్షనర్లే, అంటే భర్త పోయాక వచ్చే పింఛను తీసుకునేవాళ్ళు. కాబట్టి చీర కట్టుకున్న పెద్దావిడ కనిపిస్తే మా చెయ్యి తనంతట తానే ఆ ఫారం వైపు పోతుంది. "ఆయన పీపీఓ (పింఛను ఉత్తర్వు) నంబర్ చెప్పండమ్మా" అన్న మాట కూడా నోటి చివరనే ఉంటుంది. ఇప్పుడు చాలామంది స్పర్శ్ అనే డిఫెన్స్ పింఛన్ల పోర్టల్‌లోకి మారిపోయారు కాబట్టి ఆన్‌లైన్‌లో ఈ గొడవ కొంత తగ్గింది. కౌంటర్ దగ్గర తగ్గలేదు.

మా బ్రాంచిలో నేను చేసిందల్లా ఒకటే. కొత్తగా వచ్చిన పిల్లలకు "పింఛను మీదేనా, ఫ్యామిలీ పెన్షనా అని ఆడవాళ్ళనైనా మగవాళ్ళనైనా ముందు అడగండి" అని చెప్పాను. ఒక ముసలాయన "నాది కాకపోతే ఎవడిదయ్యా" అని విరుచుకుపడ్డాడు. అక్కడ అర్థమైంది, ఆ ప్రశ్న ఆయనను జీవితంలో ఎవరూ అడగలేదని.

లెఫ్టార్మ్ స్పిన్ · 2:30

సుబేదార్ మేజర్ గారు చెప్పిన పాయింటు తీసుకుంటున్నా. ఆఫీసు పని అన్న మాట వెనక్కి. కానీ అలవాటు అన్న మాట మీద ఉంటాను. క్యాష్ కౌంటర్ గారు కూడా అదే చెప్తున్నారు. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు.

టవర్ క్లియర్ · 2:48

చెడ్డ ఉద్దేశం ఉందని ఎవరన్నారండీ? ఉద్దేశం మంచిదే, చేటు మాత్రం మాకు. ఆ ఇంటర్వ్యూ చేసినాయన కూడా మంచివాడే, టీ తెప్పించాడు.

మీకు అర్థమయ్యేలా చెప్తాను. ఒక మాజీ సైనికుల సభకు పిలిస్తే వెళ్ళాను. జనవరి 14, వెటరన్స్ డే. (ఫీల్డ్ మార్షల్ కరియప్ప 1953లో అదే రోజు రిటైరయ్యారని పెట్టారు. మనకేమో సరిగ్గా సంక్రాంతి. సగం సిటీ ఊళ్ళకు పోయి ఉంటుంది.) మెడల్స్ పెట్టుకుని మరీ వెళ్ళాను. గేటు దగ్గర వలంటీర్ కుర్రాడు ఎంతో మర్యాదగా "లేడీస్‌కు తంబోలా అటువైపు మేడమ్" అని షామియానా చూపించాడు. మెడల్స్ కుడివైపు కాదు, ఎడమవైపు ఉన్నాయి చూడు బాబూ అన్నాను. వాడికి తేడా తెలియదు. సొంత మెడల్స్ ఎడమవైపు పెట్టుకుంటారు, పోయినవాళ్ళవి ఇంట్లోవాళ్ళు కుడివైపు పెట్టుకుంటారు. సరే, వెళ్ళి తంబోలా ఆడాను. మొదటి లైను నాకే పడింది.

డాలస్ పిన్ని · 3:20

మాది తార్నాక, పాతికేళ్ళుగా ఇక్కడున్నాం. మా అక్క కూతురు అమెరికన్ ఆర్మీలో మెడిక్‌గా చేసి దిగింది. ఇక్కడేదో బ్రహ్మాండంగా ఉంటుందనుకోకండి. ఆడవాళ్ళను 1948లో చట్టం చేసి రెగ్యులర్ సైన్యంలోకి తీసుకున్న దేశం ఇది. అన్ని పోరాట విభాగాలూ తెరుస్తామని 2015 చివర్లో ప్రకటించారు. అయినా వెటరన్స్ ఆసుపత్రికి వెళితే "మీ హస్బెండ్ ఏ యుద్ధంలో చేశారు" అన్న ప్రశ్న ఇక్కడా తప్పదు. షాపుల ముందు వెటరన్లకని కేటాయించిన పార్కింగ్‌లో మా పిల్ల కారు పెడితే, అద్దం మీద చీటీ అంటించి పోయారు, ఈ చోటు దేశసేవ చేసినవాళ్ళది, సిగ్గుండాలి అని.

ఇక్కడి వెటరన్స్ శాఖ నినాదం లింకన్ మాటల్లోంచి తీసుకున్నది, అందులో మగవాళ్ళ ప్రస్తావనే ఉండేది. 2023 మార్చిలో దాన్ని మార్చారు. నినాదం మారింది, చీటీలు ఆగాయా అంటే తెలీదు.

కానీ ఒకటి ఒప్పుకోవాలి. ఇక్కడ వాళ్ళకంటూ మహిళా వెటరన్ల క్లినిక్‌లు, కోఆర్డినేటర్లు ఉన్నారు. మా పిల్ల ప్రసవం తరువాత వీపు నొప్పికి వెళితే, ఏళ్ళ తరబడి మోసిన కిట్ బరువు గురించి డాక్టరే అడిగింది. మనవైపు అలా అడిగేవాళ్ళున్నారా సిస్టర్ గారూ?

తిరుమలగిరి సిస్టర్ · 4:05

డాక్టర్ని బట్టి ఉంటుందమ్మా. ఆడవాళ్ళకంటూ విడిగా ఆ ప్రశ్నలు అడిగే క్లినిక్ నేను చూడలేదు.

సైనిక్‌పురి సందు చివర · 4:40

మా అమ్మ ఆర్మీ మెడికల్ కోర్‌లో డాక్టర్, కల్నల్‌గా దిగింది. డాక్టర్లకు ఇంకో రకం తంటా. మర్యాదకు లోటు లేదు, కానీ అది డాక్టరుకు. ఫౌజు సంగతి దాని కింద కప్పబడిపోతుంది. సైనిక్‌పురి, వాయుపురి, యాప్రాల్ వైపు అడుగడుక్కీ రిటైర్డ్ ఆఫీసర్లే, ఇక్కడైనా మారాలి కదా. అబ్బే. వాకింగ్‌లో అంకుల్స్ అందరూ ఒకళ్ళనొకళ్ళు "గుడ్ మార్నింగ్ కల్నల్" అనుకుంటారు. అమ్మ ఎదురైతే "నమస్తే డాక్టర్ గారూ, మోకాలు మళ్ళీ పట్టేసింది."

అన్నట్టు, ఎయిర్ ఫోర్స్‌లో మొదటి మహిళా ఎయిర్ మార్షల్ పద్మా బందోపాధ్యాయ పుట్టింది తిరుపతిలో. మన స్కూలు పుస్తకాల్లో ఎక్కడైనా చదివారా? నేను అమ్మ చెప్తేనే విన్నాను.

కొంపల్లి కోడర్ · సాయంత్రం 6:15

నేను నవ్వుకోవడానికి పెట్టిన పోస్టు ఇంత దూరం వచ్చింది! ఇవన్నీ మా ఆవిడకు చదివి వినిపించాను. శ్రీకాకుళం అబ్బాయి బూట్ల దగ్గర లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. తరువాత వచ్చి, నేమ్‌ప్లేట్, సెల్యూట్, తంబోలా, ఇవన్నీ చిన్నవి, అసలైనది రాయి అంది. ఆవిడ చెప్తుంటే టైపు చేస్తున్నా:

"బయటివాళ్ళు గుర్తుపట్టకపోవడం తరువాత. లోపలే మమ్మల్ని వెళ్ళిపోయేవాళ్ళలా చూశారు. మేం షార్ట్ సర్వీస్, పర్మనెంట్ కమిషన్ దారి లేదు. దాంతో ఏటా రాసే కాన్ఫిడెన్షియల్ రిపోర్ట్ మాలాంటివాళ్ళది మొక్కుబడిగా రాసేవాళ్ళు. మంచి మార్కులు, మంచి కోర్సులు ముందుకెళ్ళాల్సిన మగ ఆఫీసర్‌కు. ఎలాగూ దిగిపోయే అమ్మాయికెందుకు? తీరా 2020 తీర్పు వచ్చాక ఆ పాత రిపోర్టులే ముందేసుకుని ఎవరు పనికొస్తారో ఎంచారు. దానికి తోడు నలభై దాటినవాళ్ళకు కుర్రవాళ్ళకు పెట్టే ఫిట్‌నెస్ కొలత. 2021 మార్చి 25న లెఫ్టినెంట్ కల్నల్ నితిష కేసులో సుప్రీంకోర్టు ఈ రెండూ తప్పని చెప్పింది. నేను అప్పటికే బయట ఉన్నాను.

ఇంకోటి పింఛను. ఆఫీసర్‌కు పింఛను రావాలంటే ఇరవై ఏళ్ళు. షార్ట్ సర్వీస్ పది, పెంచితే పద్నాలుగు. ముప్ఫైల్లో దించేస్తారు, గ్రాట్యుటీ చేతిలో పెట్టి. ఈ తిప్పలు షార్ట్ సర్వీస్ మగవాళ్ళకూ ఉన్నాయి, కాదనను. కానీ వాళ్ళకు మొదట్నుంచీ పర్మనెంట్‌కు అడిగే తలుపుంది. మాలో చాలామందికి ఆ తలుపే లేదు. 2019 దాకా మాకు ఈసీహెచ్‌ఎస్ కూడా లేదు. ఇప్పుడు ఒకేసారి డబ్బు కడితే ఇస్తున్నారు. చప్పట్ల కంటే ఆ కార్డే నాకు పనికొచ్చింది."

యాప్రాల్ పాతకాపు · 6:50

మేడమ్ సాబ్‌కు నా జైహింద్ చెప్పండి. రిపోర్టుల సంగతి నూటికి నూరు పాళ్ళు నిజం. గుమస్తా గదిలో ఫైళ్ళు చూసినవాణ్ణి నేను.

మౌలాలి మట్టి · 7:20

2025 మేలో ఆపరేషన్ సిందూర్ అప్పుడు కల్నల్ సోఫియా ఖురేషీ, వింగ్ కమాండర్ వ్యోమికా సింగ్ టీవీలో మాట్లాడుతుంటే మా కాలనీ వాట్సాప్ గ్రూపు ఊగిపోయింది. నారీశక్తి అని స్టేటస్‌లు, బొమ్మలు. ఆగస్టు 15కు జెండా ఎగరేయడానికి ఎవరిని పిలుద్దాం అంటే అదే గ్రూపు ఒక రిటైర్డ్ హవల్దార్ గారిని పిలిచింది. మంచిదే, ఆయన అర్హుడే. కానీ మా కాలనీలోనే ఒకావిడ నేవీలో చేసి దిగారు. ఆవిణ్ణి పాట పాడడానికి పిలిచారు, ఆడవాళ్ళతో కలిసి. పాడారు కూడా.

టీవీలో ఉన్నావిడ అంటే గర్వం. మూడో అంతస్తులో ఉన్నావిడ అంటే ఫలానా వారి భార్య. నాకు ఇది అలవాటు అనిపించడం లేదు స్పిన్ గారూ. కళ్ళెదుట ఉన్న మనిషిని అడగాలన్న ఆలోచనే రాలేదు ఎవరికీ.

లెఫ్టార్మ్ స్పిన్ · 7:35

మీరు అడిగారా మరి?

మౌలాలి మట్టి · 7:41

అడిగాను. కమిటీ "వచ్చే ఏడు చూద్దాం" అంది. మన కమిటీల సంగతి తెలుసుగా.

నల్లకుంట నోట్స్ · రాత్రి 8:30

నమస్తే అందరికీ. నేను డిగ్రీ ఫైనల్. ఫౌజులో ఆఫీసర్ అవడానికి రాసే సీడీఎస్, ఏఎఫ్‌క్యాట్ పరీక్షలు రెండిటికీ చదువుతున్నా. ఇవన్నీ చదివితే భయం వేసింది, కోపం కూడా వచ్చింది. ఇంట్లో నాన్న "నాలుగేళ్ళు చేసి వస్తావు, తరువాత ఏం చేస్తావు, సంబంధాలు ఎలా వస్తాయి" అంటున్నారు. ఇప్పుడు కూడా పరిస్థితి అంతేనా? అసలు వెళ్ళమంటారా?

టవర్ క్లియర్ · 8:52

వెళ్ళు. మళ్ళీ పుట్టినా నేను దుండిగల్‌కే వెళ్తాను.

ముందు నాన్నగారి లెక్క సరిచెయ్యి. నాలుగేళ్ళన్నది అగ్నివీర్ పథకం. సీడీఎస్ ద్వారా నువ్వు వెళ్ళేది చెన్నై ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీకి, ట్రైనింగే 49 వారాలు. తరువాత పదేళ్ళు, అప్పుడు పర్మనెంట్‌కు అడగొచ్చు. మా రోజుల్లో లేని దారి అది. 2023 నుంచి ఆర్టిలరీలోకి కూడా అమ్మాయిల్ని తీసుకుంటున్నారు. ఇన్‌ఫంట్రీ, ట్యాంకులు ఇంకా తెరవలేదు. ఇంటర్ చదివే చెల్లెళ్ళుంటే ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) గురించి చెప్పు. అక్కడ అమ్మాయిల మొదటి బ్యాచ్ 2022లో చేరి 2025 మేలో బయటికొచ్చింది, పదిహేడు మంది.

దిగాక ఏంటి అన్నది మంచి ప్రశ్నే. ఆఖరి ఏడాదిలో డీజీఆర్ (దిగేవాళ్ళకు కొత్త ఉపాధికి సాయపడే రక్షణ శాఖ విభాగం) వాళ్ళు ఐఐఎంలలో ఆరు నెలల కోర్సుకు పంపుతారు, దానికి ముందే అప్లై చేసుకోవాలి. నేను ఆలస్యం చేయలేదు కాబట్టే ఆ తంబోలా షామియానా తరువాత కూడా ఉద్యోగం చేసుకుంటున్నా. సంబంధాల గురించి కోడర్ గారిని అడుగు, ఆయన దొరికినట్టు ఎవరో ఒకరు దొరుకుతారు.

కొంపల్లి కోడర్ · 9:05

వంట రావాలి అబ్బాయికి. అదొక్కటే కండిషన్ పెట్టుకోమ్మా.

తిరుమలగిరి సిస్టర్ · 9:30

తల్లీ, నీ దగ్గర పరుగు పెట్టడానికి గ్రౌండ్ ఉందా? ఇంటర్వ్యూ బోర్డు సంగతి తరువాత, ఇవాళ్టి నుంచి పొద్దున్నే పరుగు మొదలుపెట్టు. కళ్ళజోడు ఉంటే పవర్ ఎంతో ఇప్పుడే చూపించుకో, మెడికల్‌లో అక్కడే చాలామంది ఆగిపోతారు. మెసేజ్ పెట్టు. నాన్నగారితో నేను మాట్లాడతాను. లెఫ్టినెంట్ కల్నల్ మాట్లాడుతోంది అని చెప్పకు, ముందు సిస్టర్ అని చెప్పు, ఫోన్ ఎత్తుతారు.